గోడ మీద సూర్యుడు

ప్రేమ్ కుమార్ ఆ ఊరి బడికి టీచరుగా వచ్చిన మొదటి సంవత్సరం, ఏడో తరగతి పిల్లలకు గ్రహణాల పాఠం చెప్పడానికి నాలుగు రోజులు తంటాలు పడ్డాడు. బోర్డు మీద మూడు సున్నాలు చుట్టి, సూర్యుడు, చంద్రుడు, భూమి అని పేర్లు రాసి, గీతలు కలిపి నీడలు దిద్దాడు. పిల్లలు బుద్ధిగా నోట్సు రాసుకున్నారు. ఐదో రోజు అడిగితే ఒక్కరికీ ఒక్క ముక్క గుర్తు లేదు.

బడి గోడకు ఆనుకునే సోమక్క ఇల్లు. తరగతి కిటికీ కిందనే వాళ్ల అరుగు. డెబ్బై ఏళ్ల సోమక్క ఆ అరుగు మీద శెనక్కాయలు వొలుస్తూ నాలుగు రోజులుగా ఆ పాఠం వింటూనే ఉంది. ఐదో రోజు ఇక ఉండబట్టలేక లేచి, కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూసింది.

"ఏం సారూ, రాహువు మింగుతాడని ఊరంతా అంటాంటే నువ్వు మింగడు, మింగడు అంటాండావు. ఎందుకు మింగుతాడో చెప్పకుండా మింగడంటే పిల్లోళ్లకు ఎట్ల తలకెక్కుతాది?"

"అయితే నువ్వే చెప్పు అవ్వా," అన్నాడు ప్రేమ్ కుమార్ కొంత ఉక్రోషంగానే.

సోమక్క ఒళ్లోని పొట్టు దులుపుకుని బడిలోకి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె తరగతి గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. బల్ల ముందర నిలబడి, అమృతం పంచే కథ ఎత్తుకుంది. దేవతల పంక్తిలో దొంగచాటుగా కూర్చున్న రాక్షసుడిని సూర్యుడూ చంద్రుడూ పట్టిచ్చిన సంగతి, అమృతం గొంతు దిగేలోపల తల తెగిన సంగతి చెప్పింది.

"ఆ పగతో మింగుతాడు. మింగినా లాభమేముండాది? గొంతు కింద వొళ్లు లేదు గదా. ఈ పక్క మింగితే ఆ పక్క బయటికొస్తాడు సూర్యుడు."

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు ఆరకముందే ప్రేమ్ కుమార్ జేబులోంచి రూపాయి బిళ్ల తీశాడు. అందరినీ బయటికి తీసుకుపోయి, ఒక కన్ను మూసి బిళ్లను రెండో కంటి ముందు పట్టుకోమన్నాడు. దూరంగా కనిపించే పెనుకొండ కొండ, కోటతో సహా, బిళ్ల వెనక మాయమైపోయింది. చిన్నది దగ్గరుంటే పెద్దదాన్ని దాస్తుందని చెప్పాడు. చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఆకాశంలో రెండు చోట్ల దాటుకుంటాయని, పెద్దవాళ్లు ఆ చోట్లకే రాహువు, కేతువు అని పేర్లు పెట్టారని చెప్పాడు. మరుసటి రోజు అడిగితే తరగతి మొత్తం చెప్పింది.

అప్పటినుంచీ శనివారం చివరి రెండు పీరియడ్లూ ఇద్దరివీ. ముందు సోమక్క కథ చెప్పేది, తర్వాత ప్రేమ్ కుమార్ లెక్క చెప్పేవాడు. చంద్రుడికి ఇరవై ఏడుగురు పెండ్లాలని, అందులో రోహిణి ఇంట్లోనే పడి ఉన్నందుకు మామ శపించాడని ఆమె చెబితే, చంద్రుడు భూమిని చుట్టి రావడానికి పట్టే రోజులు కూడా ఇరవై ఏడే అని ఆయన చెప్పేవాడు. పొద్దు మునిగాక పిల్లలను బడి ముందర కూర్చోబెట్టి పిల్లల కోడి, గొల్లకావడి అనే చుక్కల గుంపులను చూపించేవారు. ప్రేమ్ కుమార్‌ది హిందూపురం, క్రైస్తవుల ఇల్లు. "మీ ఇండ్లల్లో చుక్కల కతలు లేవా సారూ?" అని ఒకసారి సోమక్కే అడిగి, చుక్కను వెతుక్కుంటూ దూరదేశం నుంచి పసిబిడ్డను చూడటానికి వచ్చిన జ్ఞానుల కథ చెప్పించుకుంది. "బాగుండాది. ఎవరి బిడ్డకైనా ఒక చుక్క ఉండల్ల," అంది.

ఆ తరగతిలో అందరికంటే ముందు చేయెత్తే పిల్ల భారతి. సోమక్క మనవరాలే. తల్లి చిన్నప్పుడే పోతే భారతినీ, దాని అక్క సుధారాణినీ సోమక్కే పెంచింది. తండ్రి లక్ష్మీనారాయణ సేద్యం తప్ప వేరే లోకం తెలియని మనిషి. సుధారాణిని తాడిమర్రిలో రాఘవేంద్రకు ఇచ్చి చేశారు. తొంభై అయిదో సంవత్సరం అక్టోబరులో, ఏడో నెల కడుపుతో, ఆమె కాన్పుకు పుట్టింటికి వచ్చింది.

అదే నెల ఇరవై నాలుగున సూర్యగ్రహణం. దీపావళి మరుసటి పొద్దు. ప్రేమ్ కుమార్ నెల ముందునుంచే పిల్లలను తయారు చేశాడు. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదని నూరుసార్లు చెప్పాడు. చిన్న అద్దానికి కాగితం అతికించి, కాగితంలో పెన్సిలు మొనంత రంధ్రం చేసి, ఎండలో పెట్టి చీకటి గదిలోకి వెలుగు పంపితే గోడ మీద సూర్యుడి బొమ్మ పడుతుంది. అది చేయడం నేర్పాడు. ఎవరి అద్దం వాళ్లు తయారు చేసుకున్నారు.

గ్రహణానికి నాలుగు రోజుల ముందు, బడి వదిలాక భారతి ఒక్కతే ఆగింది.

"సార్, ఆ పొద్దు మా అక్కను చీకటి గదిలో పండబెడతారంట. కదలగూడదంట, గోకగూడదంట. గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తాదంట. నిజమా సార్?"

"నిజం కాదు పాపా. అది వట్టి నీడ. నీడ ఎవరినీ ఏం చేయలేదు."

"చూసినా ఏమీ కాదా?"

"కండ్లతో నేరుగా చూడగూడదు, అంతే. అది నీకైనా నాకైనా ఒకటే. బిడ్డకేమీ కాదు."

ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పాడు. తర్వాత్తర్వాత ఆయన ఎక్కువసార్లు గుర్తు చేసుకున్నది ఆ తొందరనే.

ఆ మంగళవారం పొద్దున అరవై మంది పిల్లల్లో బడికి వచ్చింది పదకొండు మంది. మిగతావాళ్లను ఇళ్లలోంచి బయటికి రానివ్వలేదు. వీధిలో కుక్క కూడా తిరగలేదు. పదకొండు మందితోనే గోడ మీద గ్రహణం చూశారు. ఏడున్నర దాటాక సూర్యుడి అంచు నొక్కుకుపోవడం మొదలై, పోనుపోను సగానికి పైగా తరిగి, మళ్లీ నిండింది. ఎండ పల్చబడి, గాలి చల్లగా మారినప్పుడు ఒక పిల్లవాడు భయపడి ప్రేమ్ కుమార్ చేయి పట్టుకున్నాడు. భారతి రాలేదు. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంది కాబట్టి పంపరని ఆయన అనుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి భారతి పరిగెత్తుకుంటూ వచ్చింది. గ్రహణం విడిచాక తలంటు పోసుకున్న జుట్టు ఇంకా జడ వేయలేదు.

"సార్, మేము గూడా చూసినాం! నాయన చేని కాడికి పోయినాడు. అవ్వను అడిగినా. సూర్యుడు పైన ఉండాడు, ఇది గోడ మీద బొమ్మేగదా అనె. కిటికీ అరచేతంత తెరిచింది. నేను పంచలో నిలబడి అద్దం పట్టుకున్యా. అక్క పండుకున్యే గదిలోకి పోయింది సార్, సూర్యుడు!"

"మీ అక్క చూసిందా?"

"చూసె సార్. కజ్జికాయ మాదిరి ఉండాది అని నవ్వె. అది గోడ మీద జరుగుతాంటే చేత్తో పట్టుకునె. కడుపు మీదికి పట్టమనె నన్ను. నా బిడ్డ గూడా చూస్తాండాది చూడు అనె."

"శభాష్," అని ప్రేమ్ కుమార్ ఆ పిల్ల తల నిమిరాడు. నిజంగానే సంతోషించాడు. రెండేళ్లుగా తాను చేసిన పనికి అంతకంటే మంచి ఫలితం లేదనుకున్నాడు.

డిసెంబరు చివర్లో ధర్మవరం ఆసుపత్రిలో సుధారాణికి ఆడబిడ్డ పుట్టింది. పై పెదవి ఒక పక్కన చీలి, ఆ చీలిక ముక్కుదాకా పోయింది. లోపల అంగిలి కూడా కలవలేదు. బిడ్డను తుడిచి అందించిన ఆయా మొదట అన్న మాట, "అయ్యో, గ్రహణమొర్రి." డాక్టరు వచ్చి ఏవేవో చెప్పాడు. ఇది చాలామంది పిల్లలకు వస్తుందని, ఆపరేషను ఉందని చెప్పాడు. ఎవరికీ వినపడలేదు. అప్పటికే ఆ ఒక్క మాట వార్డు దాటి, ఆసుపత్రి దాటి, తాడిమర్రి దాకా పోయింది. ఆ పేరులోనే కారణం ఉండగా ఇంకొకటి వెతికే అవసరం ఎవరికీ కనపడలేదు.

సుధారాణి మొదట నోరు విప్పి అడిగింది ఒకటే. "భారతి యాడ?"

భారతి ఊర్లోనే ఉంది. మూడో రోజు బిడ్డను ఇంటికి తెచ్చినప్పుడు చూడటానికి ఎదురు పరిగెత్తింది. సుధారాణి బిడ్డ ముఖం మీది గుడ్డ తీసి చెల్లెలికి చూపించింది. "చూడు. బాగా చూడు. నువ్వు పెట్టిందే ఇది," అంది. అంతే, మళ్లీ ఆ పిల్లతో మాట్లాడలేదు.

మరుసటి పొద్దున లక్ష్మీనారాయణ బడికి వచ్చాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు. తరగతి గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"సారూ, మీ ఇండ్లల్లో గ్రహణం పట్టింపు లేదు. లేకుంటే లేకపోయె. మేము మిమ్మల్ని ఏమన్నా అన్యామా? మా అమ్మ మీ బడికి వస్తాంటే వద్దన్యామా? తల్లి లేని బిడ్డలు సారూ. మా ఇంట్లోకి ఎందుకు తెచ్చి పెడితిరి?"

ప్రేమ్ కుమార్ లేచి నిలబడ్డాడు. సోమక్క తన అరుగు మీంచి కేక వేసింది. "ఆయన్నెందుకంటావురా? కిటికీ తీసింది నేను!"

లక్ష్మీనారాయణ తల్లి వైపు తిరగలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

భారతి ఆ రోజు పుస్తకాల సంచి తగిలించుకునే వచ్చింది. పిల్లలందరూ లోపల కూర్చున్నాక వరండాలో ఆయన ముందు నిలబడింది.

"సార్, ఏమీ కాదన్యారు గదా సార్?"

నీడ వల్ల కాదని ఆయనకు తెలుసు. కాని మరి దేనివల్ల? పెదవి ఎందుకు చీలుతుంది, ఎప్పుడు చీలుతుంది? ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ అది లేదు. తెలియదు అనడానికి నోరు రాలేదు. లక్ష్మీనారాయణ వచ్చాడని విని బడి ముందర పోగైన పదిమంది తల్లులు, తండ్రులు వెనక నిలబడి వింటున్నారు.

"క్లాసుకు పో," అన్నాడు.

భారతి ఆయన ముఖంలోకి కాసేపు చూసి, సంచి సరిచేసుకుని, క్లాసుకు కాకుండా ఇంటికి పోయింది. మళ్లీ బడికి రాలేదు. ఆ శనివారం సోమక్క కూడా రాలేదు.

బిడ్డకు చన్ను పట్టడం చేతకాలేదు. పట్టినా పాలు ముక్కులోంచి వచ్చేవి. సుధారాణి రెండు రోజులు ప్రయత్నించి, మూడో రోజు గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పుడు సోమక్క బిడ్డను తీసుకుంది. ఒళ్లో నిట్టనిలువుగా కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నె ముక్కును చీలిక లేని పక్క పెదవి దగ్గర ఆనించి, ఒక్కో చుక్కా పోసేది. గుక్క మింగిందాకా ఆగి ఇంకో చుక్క. పావు గిన్నె తాగడానికి గంట పట్టేది. తాగించడం అయ్యేసరికి మళ్లీ ఆకలి వేళ అయ్యేది. పేరు పెట్టే పని ఎవరూ తలపెట్టలేదు. సోమక్క తనంతట తనే 'సుక్కా' అని పిలిచేది. తాడిమర్రి నుంచి అత్తమామలు రాలేదు. రాఘవేంద్ర మాత్రం రెండుసార్లు వచ్చాడు. పాలపొడి డబ్బా గుమ్మం దగ్గర పెట్టి, బిడ్డను ఎత్తుకోవాలా వద్దా అని తెలియనట్టు నిలబడి, ఎత్తుకోకుండానే పోయాడు.

భారతి మూలన కూర్చుని చూసేది. అక్క నిద్రపోయినప్పుడు మాత్రం దగ్గరికి వచ్చి గిన్నె కడిగి ఇచ్చేది.

బిడ్డ ఐదు కిలోలు ఎదిగితే బెంగుళూరులో పెదవి కుట్టిస్తామని డాక్టరు చెప్పాడు. సోమక్క వారం వారం శెనక్కాయలు తూచే తక్కెడలో గుడ్డ పరిచి బిడ్డను తూచేది. ఫిబ్రవరి నెలకు మూడు కిలోలు దాటింది. ఆ సంగతి కిటికీలోంచి ప్రేమ్ కుమార్‌కు తనే చెప్పింది. ఆ ఇంటినుంచి ఆయనతో మాట్లాడింది ఆమె ఒక్కతే. "మూడు దాటె సారూ," అని, ఆయన ఏదో చెప్పబోయేలోగా లోపలికి పోయింది.

యాభై మూడో రోజున బిడ్డకు జ్వరం వచ్చింది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. తెల్లవారి మొదటి బస్సుకే సోమక్క బిడ్డను చీర కొంగులో చుట్టుకుని ధర్మవరం బయల్దేరింది. బస్సు ఊరు దాటి రెండు మైళ్లు పోకముందే బిడ్డ ఊపిరి ఆగింది. సోమక్క కాసేపు ఎవరికీ చెప్పలేదు. తర్వాత కండక్టరును పిలిచి ఆపమంది. దిగి, ఎండెక్కుతున్న దారిలో బిడ్డను ఎత్తుకుని ఒక్కతే నడిచి వచ్చింది. బడి ముందునుంచే వచ్చింది. పిల్లలు ప్రార్థనకు వరసలో నిలబడి ఉన్నారు. ప్రేమ్ కుమార్ ఎదురు పోయాడు.

"వద్దు సారూ. ఎత్తుకోనియ్యను. ఇంటిదాకా నేనే తీసకపోతా," అంది.

వేసవి సెలవులకు ప్రేమ్ కుమార్ హిందూపురం పోయాడు. ఆయన తల్లి రూతమ్మ ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గర చాలా ఏళ్లుగా ఆయాగా పనిచేస్తోంది. కొడుకు అన్నం సరిగా తినకపోవడం చూసి నాలుగో రోజు గుచ్చి గుచ్చి అడిగింది. జరిగిందంతా చెప్పాడు.

"మా డాక్టరమ్మను అడగచ్చు గదా, జనవరిలోనే? ఒక బస్సు దూరం గదరా!"

ఆయన తల వంచుకున్నాడు. అడగాలని అనుకోక కాదు. ప్రతి ఆదివారం అనుకున్నాడు. అడిగితే ఆమె ఏం చెబుతుందోనని భయం. నీడలో తనకు తెలియనిది ఏదైనా ఉందంటే? తన మాట తప్పంటే? ఆ భయం అమ్మతో కూడా చెప్పలేకపోయాడు. రూతమ్మ చేయి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ అంతా విని ఒకటే అడిగింది. "గ్రహణం నాటికి ఆ అమ్మాయికి ఎన్నో నెల?"

"ఏడో నెల."

ఆమె మందుల చీటీ వెనక్కి తిప్పి, చిన్న ముఖం గీసింది. ముఖం అటూ ఇటూ రెండు పక్కలనుంచి పెరుగుతూ వచ్చి నడుమ అతుక్కుంటుందని చూపించింది. "పెదవి అతుక్కునేది రెండో నెల పూర్తయ్యేలోపు. అంగిలి మూడో నెలలో. అప్పుడు కలవనిది ఇక కలవదు. కలిసింది మళ్లీ చీలదు. అక్టోబరులో ఎన్ని గ్రహణాలు చూసినా ఏమీ మారదు. ఆ బిడ్డ పెదవి సంగతి వేసవిలోనే తేలిపోయింది."

తల్లి వల్ల ఏదైనా పొరపాటు జరిగితే వస్తుందా అని ప్రేమ్ కుమార్ అడిగితే, మామూలు దెబ్బలకూ మాత్రలకూ రాదంది. ఆయనకు మొదట గుండె తేలికైంది. మరు నిమిషమే ఆ తేలికదనం చూసి తనమీద తనకే అసహ్యం వేసింది. బిడ్డ పోయి రెండు నెలలైంది. పెనుకొండ బస్సెక్కి ఆ సాయంత్రానికే ఊరికి వచ్చాడు.

లక్ష్మీనారాయణ పంచలో కూర్చుని పగ్గం పేనుతున్నాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. సోమక్క చాప వేసింది. సుధారాణి గది తలుపు దగ్గర నిలబడింది. భారతి ఎక్కడుందో కనపడలేదు. ప్రేమ్ కుమార్ మందుల చీటీ ముందు పెట్టి, డాక్టరమ్మ చెప్పినట్టే, ఒక్క మాట కలపకుండా చెప్పాడు.

లక్ష్మీనారాయణ పగ్గం పేనడం ఆపి విన్నాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం సారూ," అన్నాడు. కోపంగా కాదు.

సుధారాణి వేళ్ల మీద లెక్క పెట్టుకుంటోంది. "రెండో నెలంటే... అప్పుడు తాడిమర్రిలో ఉన్యా. కడుపని గూడా తెలీదు. ఎండల్లో చేనికి పోతాంటి. ఒగరోజు కాలు జారి కింద పడితి." వేళ్లు మడవడం ఆపింది. "ఏందో మాత్ర గూడా మింగితి సార్, తలనొప్పికి. అయితే నేనే చేసుకున్యానా?"

ప్రేమ్ కుమార్ అదిరిపడ్డాడు. ఒక పిల్ల మీదినుంచి దించబోయిన బరువు ఇంకొక పిల్ల మీద పడుతోంది.

"లేదమ్మా, లేదు! నేనది గూడా అడిగినా. పడితే రాదు. తలనొప్పి మాత్రకు రాదు. ఏ తప్పూ చేయని ఎంతమందికో ఇట్ల పుడతారంట. ఊరికే అట్ల జరుగుతాదంట."

"ఎవరూ ఏమీ చేయకుండానే?"

"ఎవరూ ఏమీ చేయకుండానే."

సుధారాణి గడప మీద కూలబడింది. "అట్లయితే నేనెవరిని తిట్టుకోవల్ల సార్? ఇన్ని దినాలు దాన్ని తిట్టుకుంటి. మిమ్మల్ని తిట్టుకుంటి. ఇప్పుడు ఎవరూ లేరంటే నేనేం చేయల్ల?"

సోమక్క మనవరాలి పక్కన కూర్చుని తలను భుజానికి ఆనించుకుంది.

"అందుకే పెట్టుకునింటారు మే, మన పెద్దోళ్లు, ఆ రాహువు కతంతా," అంది మెల్లగా. "ఎవడో ఒకడు మింగినాడంటే వాణ్ణి తిట్టుకోని ఏడవచ్చు. ఊరికే జరిగిందంటే ఎట్ల ఓర్చుకునేది?"

సుధారాణి అప్పుడు ఏడ్చింది. బిడ్డ పోయిన రోజు కూడా ఆమె ఏడవలేదని సోమక్క తర్వాత చెప్పింది. లక్ష్మీనారాయణ లేచి దొడ్లోకి పోయాడు.

ప్రేమ్ కుమార్ బయటికి వచ్చేసరికి భారతి అరుగు మీద, కిటికీ కింద ముడుచుకుని కూర్చుని ఉంది. అంతా విన్నది. నాలుగు నెలల్లో సన్నబడిపోయింది. ఆయన పక్కనే కూర్చున్నాడు.

"పాపా, నువ్వు అడిగిన రోజు నాకు తెలీదు. తెలీదని చెప్పుండల్ల. కనుక్కోని వస్తానని చెప్పుండల్ల. క్లాసుకు పో అన్యాను. తప్పు నాది. నీది ఏమాత్రం లేదు."

భారతి మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని వీధి వైపు చూస్తోంది.

"సార్, పాలు ముక్కులోంచి వచ్చేటప్పుడు సుక్కకు నొప్పి పుట్టిందేమో గదా?"

"తెలీదు పాపా," అన్నాడు.

ఆ పిల్ల తల ఊపింది.

మే నెలలో రాఘవేంద్ర వచ్చి సుధారాణిని తీసుకుపోయాడు. తల్లితో కొట్లాడి వచ్చాడని సోమక్క చెప్పింది. బస్సు స్టాపులో అందరూ నిలబడి ఉన్నారు. భారతి మాత్రం పదడుగుల దూరంలో, సామాన్ల పక్కన నిలబడింది. ప్రేమ్ కుమార్ పెనుకొండ పోయే బస్సు కోసం రోడ్డు అవతల ఉన్నాడు. తన బదిలీ కాగితం తెచ్చుకోవడానికి పోతున్నాడు. ఎవరూ పొమ్మనలేదు గాని, ఆ కిటికీ పక్కన నిలబడి మళ్లీ పాఠం చెప్పడం తన వల్ల కాదని ఆయనకు అర్థమైంది.

ధర్మవరం బస్సు వచ్చింది. సుధారాణి ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, తల బయటికి పెట్టింది.

"బారతీ, ఆ సంచి అందియ్యి."

ఐదు నెలల్లో అక్క తనతో అన్న మొదటి మాట. భారతి సంచి ఎత్తుకుని పరిగెత్తింది. అందించేటప్పుడు సుధారాణి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. బస్సు కదిలిందాకా పట్టుకునే ఉంది. ఏం చెప్పిందో, ఏమైనా చెప్పిందో లేదో, రోడ్డు అవతలికి వినపడలేదు.

ప్రేమ్ కుమార్ అగళి దగ్గరి బడికి మారాడు. అక్కడి పిల్లల్లో సగం మంది కన్నడం మాట్లాడేవాళ్లు. వాళ్లకూ ఆకాశం పాఠం చెప్పాడు. కథలు తనే నేర్చుకుని చెప్పుకునేవాడు, సోమక్కలా రాలేదు. ఆమె తొంభై ఎనిమిదో సంవత్సరంలో కన్నుమూసింది. కబురు తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయి.

భారతి జూన్‌లో పెనుకొండలో హాస్టల్లో చేరింది. ఒక సంవత్సరం వెనకబడినా పదో తరగతి దాటింది. ఏడాదికి ఒకటో రెండో కార్డులు రాసేది. మార్కులు, వానలు, శెనక్కాయ పంట ఎట్లా ఉందీ, అంతే. ఆకాశం గురించి ఎప్పుడూ ఏమీ అడగలేదు. రెండు వేల సంవత్సరం జూలైలో ఒక కార్డు వచ్చింది. ఆ కార్డు ప్రేమ్ కుమార్ బడి వరండాలో నిలబడే చదువుకున్నాడు.

"సార్, మా అక్కకు పోయిన నెల కొడుకు పుట్టినాడు. బాగుండాడు. పాలు బాగా తాగుతాడు. వాడు తాగినంతసేపూ అక్క ఏడుస్తానే ఉంటాది. ఏడవద్దని మేమెవరం చెప్పము. నేను పక్కన కూర్చోని ఉంటా."